అసలు సిసలు ప్రశాంతతకు దరఖాస్తు

రాజధానిలో ఒక పెద్దమనిషి పది రోజుల ధ్యాన శిబిరానికి వెళ్ళాడు. పదో రోజు కళ్ళు తెరిచి బయటికి వచ్చి చూసుకుంటే గుమ్మంలో విడిచిన కొత్త చెప్పులు లేవు. పెద్దమనిషి ఆలోచించాడు. శిబిరంలో ఉన్న నలభై మందీ ధ్యానులే. వాళ్ళలో ఒకడు పరాయి చెప్పులు తొడుక్కుని పోయాడంటే వాడికి నేర్పిన ధ్యానం నకిలీదై ఉండాలి. అంటే రాష్ట్రంలో నకిలీ ధ్యానం చలామణీలో ఉందన్నమాట. ఆయన మాట చెల్లుబాటయ్యేంత పెద్దమనిషి కావడం వల్ల మూడు నెలలు తిరక్కుండా ప్రామాణిక ధ్యాన ధ్రువీకరణ శాఖ పుట్టింది. జిల్లాకొక ప్రశాంతతాధికారి వచ్చాడు. చెప్పులు మాత్రం దొరకలేదు.

మా జిల్లాకు వచ్చినాయన పేరు ఉమామహేశ్వరరావు గారు. తూనికలూ కొలతల శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. ఇరవై రెండేళ్ళు తూకపు రాళ్ళకు ముద్రలు వేసిన మనిషి. చేరిన రోజే సిబ్బందిని పిలిచి, "కిలో రాయి అయినా మనశ్శాంతి అయినా సూత్రం ఒకటే. ముద్ర ఉంటే సరుకు. ముద్ర లేకపోతే మోసం" అని చెప్పారు. చెడ్డవాడు కాదు. ఎవరి దగ్గరా ఏమీ ఆశించడు. రూలు పుస్తకం ఎడమ చేతి కిందే ఉంటుంది.

మా ఊళ్ళో ముద్ర లేని మనశ్శాంతి ఒక్కచోటే దొరికేది. కాలవ గట్టు మీద మున్సిపల్ రీడింగ్ రూములో, పొద్దున్న ఆరింటికి. అక్కడ కూర్చోబెట్టే ఆవిడ ఎస్తేరురాణి. అందరికీ సిస్టరు గారు. ఛాతీ ఆసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆయాసంతో రొప్పుతున్న రోగి పక్కన స్టూలు వేసుకుని, "గాలి కోసం కంగారు పడకు నాయనా. వస్తోంది, చూడు. పోతోంది, చూడు. అంతే" అనేవారు. సగం మంది ఆ మాటకే తేరుకునేవాళ్ళు. రిటైరయ్యాక ఇరుగుపొరుగు వచ్చి మాకూ అలా చెప్పండి అంటే రీడింగ్ రూములో మొదలుపెట్టారు. ఆవిడ దానికి ధ్యానమని కూడా పేరు పెట్టలేదు. "కూర్చోడానికి రండి" అనేవారు. పదహారు మంది వచ్చేవాళ్ళు.

వాళ్ళలో నూకరాజు బస్సు డ్రైవరు. ఏడు నెలల కిందట మలుపులో వెనక దీపం లేని ట్రాక్టరు అడ్డం వస్తే బస్సును పొలంలోకి దించేశాడు. ఎవరూ చావలేదు. తప్పు అతనిది కాదని విచారణలోనూ తేలింది. కానీ ఆ రోజు నుంచి బస్సు తాళం చేతిలోకి తీసుకుంటే చాలు, చెయ్యి వణికిపోయేది. డిపోలో స్టోరు గది చూసుకోమన్నారు. మూడు నెలలు సిస్టరు దగ్గర కూర్చున్నాక ఆగి ఉన్న బస్సులో సీటెక్కి పావుగంట ఉండగలిగాడు. రెండు నెలల్లో ట్రయలు ఉంది. అందులో నెగ్గకపోతే మిగిలిన సర్వీసంతా నట్లూ బోల్టులూ లెక్కపెట్టుకోవాల్సిందే.

అలాంటి సమయంలో రీడింగ్ రూము తలుపుకు నోటీసు అంటించారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు ప్రాంగణమందు శ్రీమతి ఎస్తేరురాణి అను వారు ప్రామాణికత నిర్ధారణ కాని పద్ధతిలో పదహారు మంది మనస్సులను అనధికారముగా నిలుపుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ధ్రువీకరణ పత్రము పొందువరకు సదరు మనస్సులను యథాస్థితికి వదలివేయవలెను."

సిస్టరు గారు నోటీసు రెండుసార్లు చదివి గొడుగు తీసుకుని ఆఫీసుకు వెళ్ళారు. దరఖాస్తు పంతొమ్మిది పేజీలు. సీనియర్ అసిస్టెంట్ పుష్పలీల నింపుతోంది. ఉమామహేశ్వరరావు గారు పక్కనే నిలబడి పర్యవేక్షిస్తున్నారు.

"గురువు పేరు?" అంది పుష్పలీల.

"ఎవరూ లేరమ్మా."

"అలా కుదరదమ్మా" అన్నారు ఉమామహేశ్వరరావు గారు. "పరంపర లేనిదే ప్రామాణికత లేదు. ఆ గడి పక్కన నక్షత్రం గుర్తుంది చూడండి. తప్పనిసరి."

సిస్టరు గారు నక్షత్రం గుర్తు వైపు చూశారు. "అయితే రోగులని రాసుకోండి. వాళ్ళ మంచాల పక్కన కూర్చునే నేర్చుకున్నాను."

"గురువు జీవించి ఉన్నారా?"

"కొందరున్నారు. కొందరు పోయారండి."

"పోయినవారి మరణ ధ్రువపత్రాలు, ఉన్నవారి నిరభ్యంతర పత్రాలు జత చెయ్యండి. బోధించిన సమయంలో గురువుగారు ఆరోగ్యంగా ఉన్నట్టు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కూడా."

"ఆరోగ్యంగా ఉంటే ఆసుపత్రికెందుకొస్తారండీ?"

పుష్పలీల పెన్ను ఆగిపోయింది. ఉమామహేశ్వరరావు గారు రూలు పుస్తకం తిరగేసి, గురువు అస్వస్థుడై ఉండరాదని ఎక్కడా లేదు కాబట్టి ఆ అంశాన్ని మినహాయిస్తున్నానని ప్రకటించారు. ఆయనలో ఆ సౌలభ్యం ఉంది. పుస్తకంలో లేనిదాన్ని ఎప్పుడూ అడ్డుపెట్టరు.

సిస్టరు గారు, నూకరాజు కలిసి వారం రోజులు పాత రోగుల ఇళ్ళు తిరిగారు. పదకొండు మంది దొరికారు. కాలవ అవతల ఒక ముసలాయన, తాను సిస్టరు గారికి గురువునని ఆ కాగితంలో చదివించుకుని హడలిపోయాడు.

"అయ్ బాబోయ్, నాకేం వచ్చండీ నేర్పడానికి? దగ్గడం తప్ప."

"నువ్వు దగ్గు ఆపుకుని ఊపిరి చూసుకుంటుంటే పక్కన కూర్చుని చూశాను కదా తాతా. అదే" అన్నారు సిస్టరు గారు.

తాత తృప్తిగా వేలిముద్ర వేశాడు. ఆ సాయంత్రం నుంచి వీధిలో పిల్లలు దగ్గితే పిలిచి సలహాలు చెప్పడం మొదలుపెట్టాడని విన్నాం.

కాగితాలు సరిపోయాయి. ఇక మిగిలింది పరీక్ష. ఆడపిల్లల హైస్కూల్లో ఆదివారం పొద్దున్న పెట్టారు. అరవై రెండు మంది అభ్యర్థులు. బల్లకొకరు. ఉమామహేశ్వరరావు గారు స్వయంగా నల్లబల్ల మీద నిబంధనలు రాశారు. నలభై అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోవాలి. ఆలోచన వచ్చినప్పుడల్లా కుడి చెయ్యి ఎత్తాలి. ఆలోచనకొక మార్కు చొప్పున నూటిలోంచి తగ్గిస్తారు. అరవై వస్తే ప్రామాణికం.

"ఎడమ చెయ్యి ఎత్తకూడదా అండీ?" అని ఒకాయన అడిగాడు.

"మంచినీళ్ళకు ఎడమ చెయ్యి" అన్నారు ఉమామహేశ్వరరావు గారు.

గంట కొట్టారు. పావుగంటకు స్క్వాడు వచ్చింది. వెనక బల్లల్లో అక్కచెల్లెళ్ళిద్దరు ఒకే వరసలో ఊపిరి పీల్చి ఒకే వరసలో వదులుతున్నారు. స్క్వాడు అయిదు నిమిషాలు గమనించి, చూచిరాతగా నిర్ధారించి, చెల్లెల్ని వరండాలోకి మార్చింది. కళ్ళు మూసుకుని చూచిరాత ఎలా సాధ్యమని అక్క వాదించింది. చెవులు తెరిచే ఉన్నాయి కదా అంది స్క్వాడు.

సిస్టరు గారు మొదటిసారి చెయ్యెత్తింది ఫ్యాను కీచుమన్నప్పుడు. రెండోసారి, నూకరాజు టిఫిను తిన్నాడో లేదో అనిపించినప్పుడు. తర్వాత మోకాలు. తర్వాత, ఎప్పుడో వార్డులో ఒక పిల్ల తల దువ్వించుకున్న సంగతి. వచ్చినదాన్ని వచ్చినట్టు చూసి చెయ్యెత్తుతున్నారు, దించుతున్నారు, మళ్ళీ ఊపిరి దగ్గరికి వస్తున్నారు. గీతలు గీసే ఇన్విజిలేటరుకు చెయ్యి నొప్పి పుట్టింది. ఆయన ఆవిడ మీదికి వంగి, "సిస్టరు గారూ, కాస్త తగ్గించండి" అని గొణిగాడు. అతని మీద జాలి కలిగింది. దానికీ చెయ్యెత్తారు. అయిపోయేసరికి నలభై మూడు.

ముందు బల్లలో కోచ్ నిశ్చల్ ఉన్నాడు. రెండేళ్ళ కిందటి దాకా బుల్లబ్బాయి పేరుతో ఫ్లెక్సీల షాపు నడిపినవాడు. పదో నిమిషానికే నిద్రపోయాడు. చెయ్యి ఒక్కసారి కూడా లేవలేదు గానీ గురక మాత్రం కిటికీలు దాటింది. గురకకు మార్కులు తగ్గించాలా వద్దా అన్నది రూలు పుస్తకంలో లేదు. ఉమామహేశ్వరరావు గారు స్పష్టత కోరుతూ రాజధానికి రాశారు. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది: "గురక శారీరక ధ్వనియే గాని ఆలోచన కాదు. ఆలోచన లేనప్పుడే గురక సాధ్యమైనందున దానిని అనుకూల సాక్ష్యముగా పరిగణించవలెను."

నిశ్చల్‌కు నూటికి నూరు. జిల్లా ఫస్టు, బంగారు పతకం. సిస్టరు గారికి యాభై ఏడు. ఫెయిలు.

ఆవిడ ఫలితాల కాగితం పట్టుకుని ఉమామహేశ్వరరావు గారి గదిలోకి వెళ్ళారు. ఆయన కుర్చీ చూపించారు. నిజంగానే బాధపడుతున్నారు.

"మూడంటే మూడు మార్కులమ్మా. ఆ మూడుసార్లు చెయ్యి దించుకుని ఉంటే పోయేది కదా. లోపల ఏం జరిగిందో ఎవరు చూశారు?"

"నేను చూశానండి."

ఉమామహేశ్వరరావు గారు రూలు పుస్తకం తెరవబోయి మళ్ళీ మూశారు.

"నేను నేర్పేది అదొక్కటేనండి. ఆలోచన వస్తుంది. వచ్చిందని చూడాలి. రాలేదని బొంకితే ఇక నేర్పడానికి నా దగ్గరేం మిగిలింది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ మాటలో న్యాయం ఉందమ్మా. కానీ న్యాయానికి కాలమ్ లేదు. అప్పీలు పెట్టుకోండి. విచారణ కమిటీ కూర్చున్నప్పుడు పిలుస్తాం. ఈలోగా మీ వాళ్ళకు ఇబ్బంది లేకుండా రీడింగ్ రూమును పతక గ్రహీతకు అప్పగిస్తున్నాం."

కోచ్ నిశ్చల్ రీడింగ్ రూముకు నీలం లైట్లు పెట్టించాడు. గోడ నిండా తన ఫ్లెక్సీ కట్టాడు. చెవి దగ్గర మైకు తగిలించుకుని మొదటి రోజే కథ చెప్పడం మొదలుపెట్టాడు.

"అందరూ కళ్ళు మూసుకోండి. మీరిప్పుడు ఒక బస్సులో ఉన్నారు. ఘాటు రోడ్డు. చల్లటి గాలి. బస్సు మెల్లగా మలుపు తిరుగుతోంది..."

నూకరాజు చొక్కా చెమటతో తడిసిపోయింది. లేచి, గోడలు పట్టుకుంటూ బయటికొచ్చి, కాలవ గట్టున కూలబడ్డాడు. వెళ్ళిపోతున్న అతన్ని చూసి నిశ్చల్ మైకులో, "గమనించండి, వారికి లోపలి కల్మషం బయటికి వస్తోంది" అని వివరించాడు.

గంట తర్వాత నూకరాజు సిస్టరు గారింటి అరుగు మీద ఉన్నాడు.

"నా వల్ల కాదండి. స్టోరు గదిలోనే ఉండిపోతానండి. నెలలో ట్రయలు. మళ్ళీ మొదటికొచ్చేసేను."

"ముందు మంచినీళ్ళు తాగు" అన్నారు సిస్టరు గారు.

ఇంట్లో కూర్చోబెడదామంటే అప్పటికే రెండో ఉత్తర్వు వచ్చింది. ముగ్గురికి మించి ఒకచోట కళ్ళు మూసుకుని ఉంటే అది అనధికార శిబిరం. స్క్వాడు వారంలోనే ఒక సెలూన్ మీద దాడి చేసి, ముఖాలకు సబ్బు నురగతో వాలి ఉన్న నలుగురిని పట్టుకుంది. సగం గడ్డాలతోనే వాంగ్మూలాలు ఇచ్చారు పాపం. అతనొక్కణ్ణే కూర్చోబెట్టుకుంటే? మిగతా పదిహేను మంది రోజూ ఏదో వంకతో ఆ గుమ్మం ముందు తచ్చాడుతూనే ఉన్నారు. వాళ్ళను పొమ్మని ఆవిడ అనలేరు.

మర్నాడు సిస్టరు గారు అప్పీలు ఇవ్వడానికి బయల్దేరితే నూకరాజు తోడు వెళ్ళాడు. పుష్పలీల కాగితం తీసుకుని, "కూర్చోండి, పిలుస్తాం" అంది. వరండాలో పొడుగాటి బెంచీలున్నాయి. గోడ మీద బోర్డుంది: అర్జీదారులు నిశ్శబ్దముగా కూర్చొనవలెను.

పదింటికి కూర్చున్నారు. పదకొండయింది. ఎవరూ పిలవలేదు. నూకరాజు కాళ్ళు ఊపుతున్నాడు.

"ఊరికే ఎందుకు? ఊపిరి చూసుకో" అన్నారు సిస్టరు గారు మెల్లగా.

అతను కళ్ళు మూసుకున్నాడు. అటెండరు ముందు నుంచే రెండుసార్లు వెళ్ళాడు. పుష్పలీల చూసింది. సాక్షాత్తూ ఉమామహేశ్వరరావు గారే భోజనానికి వెళుతూ చూసి, అర్జీదారు కునుకు తీస్తున్నాడనుకుని అడుగుల చప్పుడు తగ్గించారు. ఒంటిగంటకు నూకరాజు కళ్ళు తెరిచేసరికి ఒళ్ళో చేతులు కదలకుండా ఉన్నాయి.

"ఎవరూ ఏవీ అనలేదేంటండీ?" అన్నాడు ఆశ్చర్యంగా.

"మనం పని మీద వచ్చాం కదా. పని అవ్వలేదు కాబట్టి కూర్చున్నాం" అన్నారు సిస్టరు గారు. ఆ మాట అన్నాక ఆవిడకు నవ్వొచ్చింది.

ఆ వారంలో పదహారు మందీ ధ్యాన శిక్షక ధ్రువీకరణకు దరఖాస్తు పెట్టారు. ఉద్యోగాలున్నవాళ్ళు గంట ఉండి వెళ్ళేవాళ్ళు. మిగతావాళ్ళు పదింటికి వచ్చి, దరఖాస్తు ఏమైందని అడిగి, కూర్చోమంటే కూర్చునేవాళ్ళు. నాలుగో రోజుకు పుష్పలీలకు అనుమానం వచ్చింది.

"ఏవండీ, అందరూ కళ్ళు మూసుకున్నారేంటి?"

"ఎదురుచూస్తున్నామండి" అన్నాడు నూకరాజు.

"కళ్ళు మూసుకునా?"

"తెరుచుకుని చూస్తే పనవుతుందాండీ?"

విషయం లోపలికి వెళ్ళింది. ఉమామహేశ్వరరావు గారు మధ్యాహ్నమంతా రూలు పుస్తకం చదివారు. ధ్యానానికి నిర్వచనం ఉంది. నిద్రకు ఉంది. ఎదురుచూపుకు లేదు. ముగ్గురికి మించరాదన్న ఉత్తర్వు ప్రైవేటు స్థలాలకే గానీ ప్రభుత్వ కార్యాలయానికి వర్తించదు. అర్జీదారు కళ్ళు తెరిచి ఉంచవలెనని ఏ శాఖలోనూ ఎన్నడూ ఉత్తర్వు వెలువడలేదు. పైగా నిశ్శబ్దంగా కూర్చోమని గోడ మీద రాయించింది తానే. "పుస్తకంలో లేనిదాన్ని మనం ఆపలేం" అని పుస్తకం మూసేశారు.

క్రమంగా ఆఫీసు మారింది. వరండాలో అంత నిశ్శబ్దం ఉంటే లోపల గట్టిగా అరవడానికి ఎవరికీ నోరు రాలేదు. అటెండరు కుర్చీలు ఈడ్చడం మానేసి ఎత్తి పెడుతున్నాడు. వేరే పనుల మీద వచ్చినవాళ్ళు కూడా బెంచీ చివర కూర్చుని, పక్కవాళ్ళను చూసి, మెల్లగా కళ్ళు మూసుకునేవాళ్ళు. ఒకాయన సాయంత్రం దాకా కూర్చుని, తానొచ్చింది పక్క ఆఫీసుకని గుర్తొచ్చి, ఫర్వాలేదనుకుంటూ వెళ్ళాడు.

నెలాఖరున నూకరాజు ట్రయలుకు వెళ్ళాడు. ఆ రోజు సిస్టరు గారి దృష్టి ఊపిరి మీద నిలవలేదు. పరీక్షయితే నూటికి సున్నా వచ్చేది. రెండింటికి నూకరాజు వరండాలోకి వచ్చాడు. నిశ్శబ్దముగా కూర్చొనవలెను అన్న బోర్డు కింద నిలబడి ఏడ్చేశాడు.

"ఆ మలుపు కూడా తిప్పేనండి. చెయ్యి వణికింది. వణికిందని చూసేను. తిప్పేను. డ్యూటీ ఇచ్చేరండి."

బెంచీలన్నీ లేచి నిలబడ్డాయి. పుష్పలీల తన టిఫిను డబ్బాలోంచి బెల్లం ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది.

ఆ తర్వాత పది రోజులకు కమిషనరు గారు తనిఖీకి వచ్చారు. ఆవిడ అప్పటికే పదకొండు జిల్లాలు తిరిగి, పదకొండు చోట్లా నీలం లైట్లూ బంగారు పతకాలూ చూసి విసిగిపోయి ఉన్నారు. వరండా మెట్లెక్కి టక్కున ఆగిపోయారు. ముప్ఫై మందికి పైగా కూర్చుని ఉన్నారు. ఎవరూ ఆవిడ కోసం లేవలేదు. పది నిమిషాలు అలాగే నిలబడి చూసి, లోపలికి వచ్చి ఉమామహేశ్వరరావు గారిని నెమ్మదిగా అడిగారు.

"వీళ్ళ శిక్షకుడెవరు?"

"శిక్షకుడు లేరు మేడమ్. అర్జీదారులు."

"ఏం అర్జీ?"

"ధ్రువీకరణ పత్రం కోసం మేడమ్."

"ఎంతకాలంగా?"

ఉమామహేశ్వరరావు గారు ఫైలు తెరిచి తేదీ చూశారు. "నెలన్నర మేడమ్. కమిటీ కూర్చోలేదు."

సస్పెన్షను ఖాయమనుకున్నారు. కమిషనరు గారు మాత్రం కిటికీలోంచి మళ్ళీ వరండా వైపు చూశారు. "పత్రం వచ్చినవాళ్ళెవరిలోనూ ఈ ప్రశాంతత చూడలేదు నేను. రానివాళ్ళలోనే ఉంది" అన్నారు. రాజధానికి వెళ్ళాక సర్క్యులరు పంపారు.

"క్షేత్రస్థాయి పరిశీలనలో తేలినది ఏమనగా, ప్రామాణికమైన ప్రశాంతతకు మూలకారణము దరఖాస్తు పెండింగులో నుండుటయే. కావున అర్జీదారుల సాధనకు భంగము కలుగకుండునట్లు ఇకమీదట ఏ దరఖాస్తునూ రెండు సంవత్సరముల లోపు పరిష్కరించరాదు. ఉల్లంఘించిన అధికారులపై తగు చర్య తీసుకొనబడును."

సర్క్యులరు వచ్చిన పొద్దున్న ఉమామహేశ్వరరావు గారు సిస్టరు గారిని లోపలికి పిలిచి తలుపు వేశారు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి సర్క్యులరు. రెండోది సిస్టరు గారి ధ్రువీకరణ పత్రం.

"నిన్న సాయంత్రం కమిటీని కూర్చోబెట్టి మీ అప్పీలుకు ఒప్పించానమ్మా. నిజాయితీకి మూడు మార్కులు కలిపించాను. సంతకం ఒక్కటే మిగిలింది. ఈ సర్క్యులరుకు ఇంకా ఇన్‌వర్డు నంబరు వెయ్యలేదు. వెయ్యనంత సేపూ అది నాకు అందనట్టే. ఇప్పుడే సంతకం పెట్టేస్తాను, తీసుకువెళ్ళిపోండి."

ఆయన పెన్ను మూత తీశారు. ఉద్యోగంలో తొలిసారి రూలుకు అడ్డం వెళుతున్నాడాయన.

సిస్టరు గారు పత్రం అందుకుని వెనక్కి తిప్పారు. షరతులున్నాయి. శిక్షణ పొందువారి ఆలోచనల సంఖ్యను నెలనెలా నివేదించవలెను. మూడు నెలలకొకసారి పరీక్ష నిర్వహించవలెను. అరవై మార్కులు రానివారిని తొలగించవలెను.

"నూకరాజుకు మొదటి రోజుల్లో నిమిషానికి ఇరవై ఆలోచనలండి. ఈ లెక్కన అతన్ని మొదటే పంపెయ్యాలి" అన్నారు. పత్రాన్ని బల్ల మీద పెట్టి, ఆయన పెన్ను మూత తీసుకుని, తానే పెన్నుకు బిగించారు. "మీరు నా కోసం ఇంత చేశారు. అది చాలండి. సర్క్యులరుకు నంబరు వేయించుకోండి."

ఉమామహేశ్వరరావు గారు పెన్ను జేబులో పెట్టుకున్నారు. తర్వాత, "వరండాలో నాకూ కాస్త చోటుంటుందా, భోజనాల వేళ?" అని అడిగారు.

"మీకేం పెండింగు ఉందండీ?"

"మాతృశాఖకు పంపించమని దరఖాస్తు పెట్టానమ్మా."

"అయితే రండి."

బయటికొస్తూ సిస్టరు గారు పుష్పలీల బల్ల దగ్గర ఆగారు. ఆమె ముందు పదిహేడు దరఖాస్తుల ఫైళ్ళు ఎర్రటి నాడా కట్టి ఉన్నాయి. ఆవిడ వాటి మీద చెయ్యి వేసి, "వీటిని జాగ్రత్తగా చూసుకో తల్లీ. ఎవరొచ్చి ఏం చెప్పినా కదలనివ్వకు" అన్నారు.

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆమెను ఆ కోరిక కోరిన మనిషి లేరు. పుష్పలీల గౌరవంగా లేచి నిలబడింది.

"మీరు నిశ్చింతగా ఉండండి సిస్టరు గారూ" అంది. "ఆ పని మాకు బాగా వచ్చు."